ఇల్లు, కర్త, అనుమానం

ఎడిన్‌బరో నగరంలో షార్లట్ స్క్వేర్ అనే చౌకుకు ఉత్తరం వైపు, వరస మధ్యలో, 6, 7 నంబర్ల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెండూ ఇసుకరాతి ఇళ్లు. రెండూ 1790లలో లేచినవి. బ్రిటన్‌ను జార్జి పేరుగల రాజులు నలుగురు వరసగా ఏలిన 1714–1830 కాలపు కట్టుబడిని జార్జియన్ అంటారు గనుక ఇవీ ఆ కోవలోవే. 6వ నంబరుకు బ్యూట్ హౌస్ అని పేరు. 1999 నుంచి స్కాట్లండ్ ఫస్ట్ మినిస్టర్ అధికార నివాసం అదే. 7వ నంబరు జార్జియన్ హౌస్ పేరుతో ప్రదర్శనశాలగా ఉంది.

చౌకు నడుమనున్న తోట దగ్గర నిలబడి చూస్తే రెండు ఇళ్లు కనబడవు. ఆ మాటకొస్తే ఇళ్లే కనబడవు. ఒక రాజప్రాసాదం కనబడుతుంది. కింది అంతస్తులో రాయికీ రాయికీ నడుమ లోతైన గాడులు. పై అంతస్తుల్లో నున్నని రాయి, ఒకే లెక్కలో సాగే కిటికీలు. వరస మధ్యలో కొరింథియన్ తరహా స్తంభాలు, వాటి మీద త్రికోణపు శిఖరం. రెండు కొసల్లో కాస్త ముందుకు వచ్చిన భాగాలు, వాటి మీద స్ఫింక్స్ బొమ్మలు. ఒక్క ప్రాసాదానికి ఇన్ని వీధి తలుపులు ఎందుకన్న సందేహం మాత్రమే గుట్టు బయటపెడుతుంది.

ఇలాంటి ముఖాన్ని చూసి దాని వెనక ఏముందో, దాన్ని చేసినది ఎవరో చెప్పవచ్చునా? దారిన పోయేవాడికి ఇది కాలక్షేపపు ప్రశ్న. మత తాత్త్విక విచారంలో మాత్రం ఇది ఎన్నో శతాబ్దాల తగవు. లోకంలో క్రమం ఉంది, క్రమం తనంత తాను రాదు, ఇంటిని చూసి కట్టినవాడు ఉన్నాడని ఒప్పుకునే మనిషి లోకాన్ని చూసి దాని కర్తను ఎందుకు ఒప్పుకోడు అనేది ఆస్తికుల వాదం. ఆ వాదాన్ని ఇంగ్లిషులో అందరికంటే నిశితంగా పరీక్షించిన గ్రంథం స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాసిన సహజ మత సంవాదాలు. రచయిత బతికుండగా అది అచ్చు కాలేదు. 1776లో ఆయన పోయాక 1779లో వెలువడింది. అందులో వాదానికీ ప్రతివాదానికీ పదే పదే అక్కరకొచ్చే ఉదాహరణ ఇల్లు.

హ్యూమ్‌కు ఇళ్ల సంగతి పుస్తకాల్లోనే తెలిసింది కాదు. ఎడిన్‌బరో పాతబస్తీ ఇరుకు భరించలేక నగర మండలి ఉత్తరాన కొత్త నగరం తలపెట్టింది. 1766లో పోటీ పెట్టి, జేమ్స్ క్రెయిగ్ అనే యువకుడి పటాన్ని ఎంచుకుని, 1767లో ఖాయం చేసింది. తూర్పు కొసన ఒక చౌకు, పడమటి కొసన మరొకటి, రెంటినీ కలుపుతూ తిన్నని పెద్దవీధి. రెండు చౌకుల్లోనూ గుడికి చోటు. తూర్పు చౌకులో గుడికి కేటాయించిన ఆ స్థలాన్ని సర్ లారెన్స్ డండస్ అనే సంపన్నుడు చేజిక్కించుకుని తన మేడ కట్టుకున్నాడు. ప్రార్థనామందిరం ఆ పెద్దవీధి మీదికి జరగాల్సి వచ్చింది. భగవంతుడి పేర గీసిన గడిలో భాగ్యవంతుడు దిగడం ఏ దేశంలోనైనా వింత కాదు. హ్యూమ్ 1771లో ఆ చౌకు మూలనే కొత్త ఇంట్లోకి మారాడు. పక్క సందుకు సెయింట్ డేవిడ్ వీధి అని పేరు రావడం నిరీశ్వరవాదిగా పేరుపడ్డ ఆయన మీద ఎవరో వేసిన చలోక్తి వల్లనే అని చెప్పుకుంటారు.

పడమటి చౌకు వంతు రావడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. అప్పటిదాకా ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు కట్టుకోవడంతో కొత్త వీధులు చూడటానికి సాదాగా, ఒకదానితో ఒకటి పొసగకుండా తయారయ్యాయన్న అసంతృప్తి ఉంది. అందుకే 1791లో మండలి రాబర్ట్ ఆడమ్‌ను పిలిచి, చౌకు నాలుగు వైపులకూ ముఖాలు గీసిపెట్టమంది. స్కాట్లండ్‌లో పుట్టి లండన్‌లో పేరు గడించిన ఆడమ్ అప్పటికి దేశంలో మేటి వాస్తుశిల్పి. హ్యూమ్‌కు స్నేహితుడు, కాల్టన్ కొండ శ్మశానంలో హ్యూమ్ సమాధి మీది గుండ్రని రాతి కట్టడం ఆయన గీసిందే. ఆడమ్ షార్లట్ స్క్వేర్ ముఖాలు గీశాడు. 1792 మార్చిలో చనిపోయాడు. అప్పటికి ఉత్తరపు వరస ఇంకా లేవలేదు.

ఆ తర్వాత జరిగిందే ఈ ప్రశ్నకు ఆయువుపట్టు. మండలి ఇళ్లు కట్టలేదు. స్థలాలు ముక్కలుగా పట్టా ఇచ్చింది. 2004లో రద్దయిన ఫ్యూ అనే ఆ స్కాట్లండ్ పద్ధతిలో స్థలం తీసుకున్నవాడికి శాశ్వత హక్కు వచ్చేది, ఏటా కొంత సొమ్ము కడుతుండాల్సి వచ్చేది, పట్టాలో రాసిన షరతులకు కట్టుబడాల్సి వచ్చేది. ఇక్కడి షరతు ముఖం గురించే. వీధి వైపు గోడ ఆడమ్ గీసినట్టే ఉండాలి. లోపల గదులు, మెట్లు, పొయ్యిలు, పెరటి వైపు గోడ ఎవరి స్తోమతు వారిది, ఎవరి మేస్త్రీ చెప్పినట్టు వారిది. 6వ నంబరు స్థలాన్ని మొదట తీసుకున్నది ఓర్లాండో హార్ట్ అనే చెప్పుల వ్యాపారి, నగర వృత్తిసంఘాల పెద్ద. 7వ నంబరు ఇంటిని 1796లో జాన్ లామాంట్ అనే హైలండ్ తెగనాయకుడు 1,800 పౌండ్లకు కొన్నాడు. వీరిద్దరి ఇళ్ల నడుమ గోడ ఒక్కటే. స్కాట్లండ్ చట్టం ప్రకారం మొదట కట్టుకున్నవాడు ఉమ్మడి గోడను సగం తన నేలలో, సగం పక్కవాడి నేలలో లేపవచ్చు. పక్కవాడు తన ఇంటిని ఆ గోడకు ఆనించినప్పుడు సగం ఖర్చు ఇచ్చుకోవాలి. రెండిళ్ల పొగగొట్టాలూ ఆ గోడ లోపలి నుంచే పైకి పోతాయి.

కొత్త నగరపు రాతిపనిలో ఒక మామూలు అలవాటు ఉండేది. ముందువైపు రాయిని చదునుగా చెక్కి, సన్నని అతుకులతో పేర్చేవారు. వెనకవైపు చెక్కని రాళ్లను సున్నంతో కట్టి సరిపెట్టేవారు. ముఖం అందరిదీ, వీపు ఎవరిది వారిది. గోడ వెనక్కి వెళ్లి చూస్తే గానీ ఈ తేడా తెలియదు.

ఇప్పుడు తోట దగ్గర నిలబడిన మనిషి దగ్గరికి తిరిగి రావచ్చు. అతనికి దస్తావేజులేవీ తెలియవు, రాయి ఒక్కటే సాక్ష్యం. ఆ సాక్ష్యంతో అతను మూడు సంగతులు తేలుస్తాడు: ఇది ఒకే భవనం, దీనికి యజమాని ఒక్కడే, దీన్ని ఊహించి కట్టించిన బుద్ధి ఒక్కటే. మొదటి రెండూ తప్పు. మూడోది సగం ఒప్పు, సగం తప్పు. ముఖాన్ని ఊహించిన బుద్ధి ఒక్కటే; కట్టించిన బుద్ధులు ఎన్నో, ముఖాన్ని ఊహించినవాడు వాటిలో ఏ ఒక్కదాన్నీ చూడలేదు. అతని తర్కంలో దోషం లేదు, తెలివితక్కువతనమూ లేదు. క్రమం నుంచి కర్తకు వెళ్లే దారిలో చేతికి అందేది అంతే.

హ్యూమ్ గ్రంథంలో ఫైలో అనే సంశయవాది చేసే ఆక్షేపణలు ఈ ఇళ్ల పక్కన పెడితే విడ్డూరంగా అమరుతాయి. ఒకటి, ఇంటిని చూసి మేస్త్రీని ఊహించడం ఇదివరకు ఎన్నో ఇళ్లు మేస్త్రీల చేత కట్టబడటం చూసినందువల్లే సాధ్యం. లోకాలు పుట్టడాన్ని ఎవరు చూశారు? రెండు, ఒక ఇంటికి, ఓడకు, ఊరికి ఎందరో చేతులు కలుస్తాయి; లోకానికి మాత్రం ఒక్కడే ఎందుకు, దేవతల గుంపు ఎందుకు కాకూడదు? మూడోది అన్నిటికంటే కొంటెది. ఈ లోకం ఒక ముసలి దేవుడు చివరి రోజుల్లో చేసిన పని కావచ్చునట. ఆయన పోయాక మొదట ఇచ్చిన తోపుతోనే అది ఎలాగో సాగిపోతూ ఉండవచ్చునట. పుస్తకంలో అది ఎకసెక్కం. 1792 తర్వాత షార్లట్ స్క్వేర్ విషయంలో అక్షరాలా జరిగినది అదే: గీసినవాడు పోయాడు, గీత సాగింది. ఆడమ్ తన స్నేహితుడి గ్రంథానికి వ్యాఖ్యానం కట్టే ఉద్దేశంతో ఈ పని చేయలేదు గాని, చేసి ఉంటే ఇంతకంటే బాగా కుదిరేది కాదు.

ఈ ఆక్షేపణలు భారతీయ తర్కానికి కొత్త కావు. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే, భూమి, కొండ, మొలక కూడా కార్యాలే గనుక వాటికీ ఒక కర్త ఉండాలని న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు వాదించారు. 10వ శతాబ్దం చివరి ఉదయనుడి న్యాయకుసుమాంజలి ఆ వాదానికి శిఖరం. అంతకు చాలా ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దీని బలహీనత పట్టుకున్నాడు. ఎలాంటి అమరిక మనిషి చేతిపని అని అనుభవంలో తెలుసో అలాంటి అమరిక నుంచే కర్తను ఊహించాలి. మట్టితో చేసినంత మాత్రాన పుట్టను కుమ్మరి పని అనలేరు గదా అన్నాడు. ఫైలో మొదటి ఆక్షేపణ ఇదే. ఆశ్చర్యం కలిగించేది రామానుజాచార్యుల వైఖరి. ఈశ్వరుణ్ని పరమసత్యంగా నమ్మిన ఆచార్యుడు శ్రీభాష్యంలో బ్రహ్మసూత్రాల మూడో సూత్రం దగ్గర ఈ అనుమానాన్ని, అంటే గుర్తును బట్టి కారణాన్ని ఊహించే తర్కాన్ని, తానే విరగ్గొట్టాడు. భూమీ సముద్రాలూ కార్యాలే అయినా, అవన్నీ ఒకే కాలంలో ఒకే కర్త చేతిలో పుట్టాయనడానికి ఆధారం ఏదని అడిగాడు. కుండలు, తక్కిన వస్తువులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కర్తల చేతుల్లో తయారవడమే లోకంలో కనిపిస్తుంది. ఈశ్వరుడు తెలిసేది శాస్త్రం (వేదం) వల్లనే తప్ప అనుమానం వల్ల కాదన్నది ఆయన తీర్పు.

న్యాయ మతం దీనికి లాఘవం అనే సమాధానం చెబుతుంది. ఒక్క కర్తతో సరిపోతున్నప్పుడు పదిమందిని కల్పించడం గౌరవదోషం, అంటే అనవసరపు బరువు. ఇది తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు. ఫైలో కూడా అవసరం లేకుండా కారణాలను పెంచరాదన్న నియమాన్ని ఒప్పుకుంటాడు; అయితే ఒక్కడే కర్త ఉన్నాడని మరో ఆధారంతో తేలిన చోట మాత్రమే అది ఇక్కడ పనికొస్తుందంటాడు. షార్లట్ స్క్వేర్ అతని పక్షాన సాక్ష్యం చెబుతుంది. తోట దగ్గరి మనిషి లాఘవాన్ని నమ్ముకుంటేనే తప్పులో పడ్డాడు. ఇళ్లు వేరని, యజమానులు వేరని, ముఖం మాత్రం ఆడమ్‌దని ఇవాళ అందరికీ తెలుసు. ఎలా తెలుసు? రాయి చెప్పలేదు. మండలి తీర్మానాలు, పట్టాలు, అమ్మకపు పత్రాలు చెప్పాయి. అంటే ఇక్కడ ప్రమాణం అనుమానం కాదు, శబ్దం: నమ్మదగ్గ మాట. మామూలు ఇంటి విషయంలో అందరూ అనుమానం అనుకునేది చాలావరకు విన్న మాట, చదివిన కాగితం. కర్త పేరు తెలిసిన ఇళ్లను ఉదాహరణగా పెట్టుకుని పేరు తెలియని లోకానికి కర్తను వెతకడంలో ఆస్తిక వాదం కాగితాన్ని లెక్కలోంచి జారవిడుస్తుంది. రామానుజుల తీర్పులోని పదును అక్కడ ఉంది. ఆ తీర్పుతో ఆస్తికుడి చిక్కు తీరిపోదన్నదీ నిజమే. మండలి తీర్మానాన్ని మరో దస్తావేజుతో సరిచూడవచ్చు, శాస్త్రాన్ని సరిచూడటానికి బయట ఏ దస్తావేజు ఉంది అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది.

పటానికి ఎంత అధికారం ఉందన్న ప్రశ్న ఎడిన్‌బరో కోర్టులకూ ఎక్కింది. క్రెయిగ్ పటంలో ప్రిన్సెస్ వీధి దక్షిణం వైపు ఖాళీగా కనబడింది. ఆ పటాన్ని నమ్మి ఉత్తరం వైపు స్థలాలు కొన్నవారు, దక్షిణాన కట్టడాలు లేవడం చూసి దావా వేశారు. వారిలో హ్యూమ్ ఒకడు. వ్యాజ్యం 1772లో లార్డ్స్ సభ దాకా వెళ్లింది. చాలా పేచీ తర్వాత పడమటి భాగం ఖాళీగా నిలిచింది. పటం ఉన్నంత మాత్రాన క్రమం రాదని, దాన్ని పట్టాలో రాసి, తప్పినవాణ్ని నిలదీసే వ్యవస్థ ఉంటేనే వస్తుందని కొత్త నగరం నేర్చుకుంది. ఇరవయ్యేళ్ల తర్వాత షార్లట్ స్క్వేర్ పట్టాల్లోని గట్టి షరతుల వెనక ఈ అనుభవం ఉంది. 6, 7 నంబర్ల ముఖాలను ఏకం చేసింది ఆడమ్ ఊహ ఎంతో, షరతు అంత. క్రమం వెనక బుద్ధిని వెతికేవారు ఒప్పందాన్ని చూడరు. అది రాతిమీద కనబడదు మరి.

క్రమం సంగతి అలా ఉంచితే, అందం సంగతి ఏమిటి? ఈ ముఖం అందంగా ఉందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఆ అందం రాతిలో ఉందా, చూసేవాడిలో ఉందా, ఇద్దరికీ అతీతమైన చోటు నుంచి వచ్చిందా అనే చర్చ ఆ కాలపు బ్రిటన్‌లో మతం నుంచి విడదీయరానిది. బాత్ నగరాన్ని తీర్చిదిద్దిన పెద్ద జాన్ వుడ్ 1741లో ఒక పుస్తకమే రాశాడు: స్తంభాల తరహాలన్నీ దేవుడు యూదులకు స్వయంగా బోధించినవనీ, గ్రీకులూ రోమన్లూ వాటిని దొంగిలించి తమవని చెప్పుకున్నారనీ. చరిత్రగా అది నిలబడదు. కానీ ఆ నమ్మకంతోనే ఆయన బాత్‌లో వలయాకారపు ఇళ్ల చౌకును గీశాడు, అది చూడముచ్చటగా ఉంది. తప్పుడు సిద్ధాంతం నుంచి మంచి ఇల్లు పుట్టకూడదన్న నియమం లేదు.

స్కాట్లండ్ తత్వవేత్తలు ఇంత సూటిగా స్వర్గానికి నిచ్చెన వేయలేదు. వైవిధ్యంలో ఏకరూపతను చూడగానే మనసు ఆనందపడుతుందని, ఆ అంతరింద్రియాన్ని దేవుడు దయతో మనుషుల్లో పెట్టాడని ఫ్రాన్సిస్ హచిసన్ 1725లో రాశాడు. ఆడమ్ గీసిన ఉత్తరపు వరసను ఆ సూత్రానికి ఉదాహరణగా చూపవచ్చు: ఎన్నో ఇళ్లు, ఒక్క ముఖం. హ్యూమ్ 1751లో నీతి సూత్రాలపై రాసిన గ్రంథపు అనుబంధంలో స్తంభాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. స్తంభంలోని భాగాలనూ కొలతలనూ పలాడియో, పెరో వంటి నిపుణులు ఎంతసేపైనా వివరించగలరు; అందం ఎక్కడుందో చూపమంటే మాత్రం వేలు పెట్టి చూపలేరు. అది ఏ భాగంలోనూ లేదు. మొత్తం రూపం గ్రహించగల మనసు ఎదుట నిలిచినప్పుడే పుడుతుంది. హ్యూమ్‌కు ఎదురు నిలిచిన థామస్ రీడ్ 1785లో మరో దారి చూపాడు: వస్తువులోని అందం దాన్ని చేసిన మనసులోని గుణాల ప్రతిఫలనం, ఆ గుణాలు నిజమైనవి, అందువల్ల అందమూ నిజమే. రీడ్ మాట వింటే తోట దగ్గరి మనిషి ఆడమ్ బుద్ధిని చూస్తున్నాడు. హ్యూమ్ మాట వింటే తన మనసు పనిని తాను అనుభవిస్తున్నాడు. ఇద్దరిలో రీడ్ వాదానికి ఈ ముఖం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఆడమ్ గీతలోని నిగ్రహం ఆడమ్‌దే కావచ్చు గాని, దాన్ని రాతిలో తెచ్చిన ఓపిక పేరులేని పనివారిది. ప్రతిఫలించేది ఎవరి గుణం?

అదే కాలపు మతాచార్యుడు, ఎడిన్‌బరోలో ఎపిస్కోపల్ ప్రార్థనామందిరపు గురువుగా పనిచేసిన ఆర్చిబాల్డ్ ఆలిసన్, 1790లో అభిరుచి మీద రాసిన వ్యాసాల్లో పదార్థంలో అసలు అందమే లేదన్నాడు. చూసిన వస్తువు మనసులో రేపే జ్ఞాపకాల, భావాల వరసే అందం. కొరింథియన్ స్తంభం అందంగా ఉండటానికి కారణం కొలతలు కాదు, అది రోమ్‌ను, ప్రాచీనతను తలపుకు తెస్తుంది. ఆ భావాల వరసలన్నీ చివరికి భక్తి వైపు నడిపిస్తాయన్నది ఆయన ఆశ.

ఆలిసన్ కొడుకు విలియం పుల్టెనీ ఆలిసన్ వైద్యుడయ్యాడు. ఎడిన్‌బరోలో వరసగా రాయి చెక్కే పనిలో ఉన్నవారిలో యాభయ్యేళ్ల దాకా క్షయ లక్షణాలు లేకుండా బతికినవాడు దాదాపు లేడని 1824లో రాశాడు. నగరానికి వాయవ్యాన ఉన్న క్రెయిగ్లీత్ గని రాయి కొత్త నగరానికి ప్రధానమైన ఆధారాల్లో ఒకటి. అది దాదాపు మొత్తం సిలికా, అందుకే వానకూ పొగకూ చెక్కుచెదరదు. అందుకే దాన్ని చెక్కినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. రాయిని నిలబెట్టే గుణమూ మనిషిని పడగొట్టే గుణమూ ఒకటే. తండ్రి చెప్పిన భావాల వరసలో ఈ భావానికి చోటుందా అన్న ప్రశ్నను కొడుకు అడగలేదు. ఆయన రాసింది వైద్యుల కోసం. కానీ లోకంలోని కీడును పట్టి కర్త మంచితనాన్ని ప్రశ్నించే వాదం ఇక్కడ రక్తమాంసాలతో ఎదురవుతుంది.

హ్యూమ్ ఆ వాదానికీ ఇంటినే వాడుకున్నాడు. ఒక భవనంలో కిటికీలు, తలుపులు, పొయ్యిలు, మెట్లు అన్నీ చప్పుడుకూ, చీకటికీ, అలసటకూ, చలికీ వేడికీ కారణమవుతుంటే, ఈ తలుపు మారిస్తే ఇంకా పెద్ద చెరుపు జరిగేదని వాస్తుశిల్పి ఎంత వాదించినా ఎవరూ వినరు. పథకమే బాగా లేదంటారు అన్నాడు ఫైలో. 7వ నంబరు ఇల్లు ఈ ఉదాహరణలో ఒక లోపాన్ని చూపిస్తుంది. వీధి వైపు మొదటి అంతస్తులోని పెద్ద హాలుకు ఎత్తయిన కిటికీలు, వెలుతురు, తోట. వంటిల్లు నేలమాళిగలో. బొగ్గూ నీళ్లూ పళ్లేలూ మోసుకుని కింది నుంచి పైకి ఎక్కే పనివారికి ఆ మెట్లు అలసటే. హాల్లో కూర్చున్నవారికి అవే మెట్లు సౌకర్యం. ఇల్లు బాగుందా లేదా అన్నది ఏ గదిలోనివారిని అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫైలో ఇంట్లో అన్ని గదులూ సమానంగా చెడ్డవి గనుక తీర్పు సులువైంది. నిజమైన ఇళ్లు అలా ఉండవు. కొందరి బాధ మరికొందరి సుఖానికి మెట్టుగా ఉండేలా తీర్చిన ఇంటిని చూసి వాస్తుశిల్పి అసమర్థుడని చెప్పలేరు. అతను ఎవరి పక్షాన ఉన్నాడని అడగవలసి వస్తుంది. కీడు సమస్యలో ఇది ఇంకా కఠినమైన రూపం. సంవాదాల్లోని ముగ్గురూ హాల్లో కూర్చుని మాట్లాడేవారే కాబట్టి ఈ రూపం అక్కడ సరిగా కనబడదు.

1853లో ఎడిన్‌బరోలో ఉపన్యసించిన కళావిమర్శకుడు జాన్ రస్కిన్ కోపం మరో వైపు నుంచి వచ్చింది. క్వీన్ వీధిలో ఒకే అచ్చులో పోసినట్టున్న కిటికీలు 678 లెక్కపెట్టి, ఇందులో ఎవరైనా ఆనందించేది ఏముందని నిలదీశాడు. పనివాడి స్వేచ్ఛ కనబడని రాతిలో ఆయనకు ధర్మం కనబడలేదు; గోథిక్ కట్టడాల ఎగుడుదిగుడులో ఆయన చదివింది కూలివాడి ఆత్మను. పనివాడి గురించి ఆయన అడిగింది న్యాయమే. కానీ ఆ 678 కిటికీల వెనక రకరకాల గదులున్నాయన్న సంగతి లెక్కకు రాలేదు. ఆయన కూడా తోట దగ్గరి మనిషిలాగే ముఖాన్ని చూసి మనుషుల్ని తేల్చాడు, ఫలితం మాత్రం తలకిందులు.

కట్టడం అయ్యాక నిలుపుకోవడం అనే మరో అంకం ఉంది. 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ దాన్ని ఇంటితోనే వివరించాడు. ఇల్లు కట్టేవాడు ఇల్లు పుట్టడానికి కారణం, ఇల్లు ఉండటానికి కాదు. కట్టేవాడు వెళ్లిపోయినా రాయి, సున్నం, కొయ్య తమ స్వభావంతో దాన్ని నిలుపుతాయి. దేవుడికీ లోకానికీ ఉన్న సంబంధం అలాంటిది కాదు. సూర్యుడు తప్పుకుంటే గాలిలో వెలుగు ఉండనట్టే, దేవుడు ప్రతిక్షణం నిలపకపోతే లోకం ఉండదు. మేస్త్రీ పోలిక దేవుడికి చాలదని ఆస్తిక పక్షం నుంచే వచ్చిన ఒప్పుకోలు ఇది.

అయితే రాయి తన స్వభావంతో నిలిచిపోతుందన్న మాట 6, 7 నంబర్లకు పూర్తిగా వర్తించదు. 19వ శతాబ్దపు యజమానులు కిటికీలు మార్చారు, కప్పుమీద గదులు లేపారు; షరతులు సడలాయి, ముఖం చెదిరింది. 20వ శతాబ్దం మొదట్లో బ్యూట్ నాలుగో మార్క్విస్ వరస మధ్యలోని ఇళ్లు ఒక్కొక్కటే కొని, ఆడమ్ గీతకు దగ్గరగా మళ్లీ తీర్చాడు. 1930లో నగరం ఈ చౌకు ముఖాల రక్షణకు ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. 1966లో ఇళ్లు నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ చేతికి వచ్చాయి. 7వ నంబరు కింది అంతస్తులు 1975లో ప్రదర్శనశాల అయ్యాయి. పై అంతస్తుల్లో కొన్నేళ్లు స్కాట్లండ్ చర్చి మహాసభ అధ్యక్షుడు నివసించాడు. ఉమ్మడి గోడకు ఒక పక్క రాజ్యం, మరో పక్క మతం కాపురం ఉన్న కాలం అది. పడమటి వైపు గుడికీ ఆడమ్ ఒక నమూనా గీశాడు గాని, ఖర్చుకు జడిసి దాన్ని పక్కనపెట్టి, రాబర్ట్ రీడ్ అనే వాస్తుశిల్పి గీతతో 1811–14 నడుమ కట్టారు. అది 1960లలో బలహీనపడి, ప్రభుత్వ దస్తావేజుల భవనంగా మారింది. ప్రాసాదంలా గీసిన ఇళ్లు నిలిచాయి, దేవుడి ఇల్లు కాగితాలకు ఇల్లయింది.

ఇన్ని మార్పుల తర్వాత ఇవి అవే ఇళ్లా? హ్యూమ్ మానవ ప్రకృతి గ్రంథంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. ఇటుకలతో కట్టిన గుడి కూలిపోతే, ఊరివారు అదే గుడిని చెక్కుడు రాతితో, కొత్త తీరులో మళ్లీ కట్టారు. రూపమూ పదార్థమూ రెండూ మారాయి. ఊరివారితో సంబంధం ఒక్కటే మిగిలింది. అయినా ఎవరూ సందేహించకుండా దాన్ని అదే గుడి అంటారు. షార్లట్ స్క్వేర్‌లో మిగిలింది అంతకంటే ఎక్కువే: రాయి చాలావరకు పాతదే, గీత ఆడమ్‌దే, నంబర్లు అవే. మరమ్మతుకు కావలసిన రాయిని మాత్రం వేరే గనుల నుంచి తేవలసిందే. క్రెయిగ్లీత్ గనిని పూడ్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు దుకాణాలున్నాయి.